రేవు దగ్గర మొదలయ్యే సస్యరక్షణ: గిమరాస్ దీవిలోని నుయేవా వాలెన్సియా

ఫిలిప్పీన్స్ అనగానే మన సస్యశాస్త్ర విద్యార్థులకు మొదట స్ఫురించేవి లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అక్కడి నుండి 1966లో విడుదలై మన డెల్టా ప్రాంతాల వరి సాగును మార్చివేసిన ఐ.ఆర్. 8 వంగడం. అయితే ఆ దేశంలో విస్తరణ శాస్త్రవేత్తలు శ్రద్ధగా పరిశీలించవలసిన మరొక అనుభవం వరి పొలాలకు దూరంగా, ఒక చిన్న దీవిలోని మామిడి చెట్ల కింద ఉన్నది. ఆ దీవి గిమరాస్. దాని దక్షిణ కొసన ఉన్న గ్రామీణ మున్సిపాలిటీ నుయేవా వాలెన్సియా. కొన్ని ప్రమాదకర పురుగులు లేని ప్రాంతంగా ఆ దీవిని నిలుపుకొనడంలో శాసనం, శాస్త్రం, స్థానిక పాలన, సామాన్య రైతు ఎవరి పాత్ర ఎంత అన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చింపబడుతున్నది.

ప్రదేశం, పాలన

గిమరాస్ దీవి పశ్చిమ విసాయాస్ ప్రాంతంలో పనాయ్, నెగ్రోస్ అనే రెండు పెద్ద దీవుల నడుమ ఉన్నది. వైశాల్యం సుమారు 600 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారం జనాభా 1 లక్షా 88 వేలకు చేరువలో ఉన్నది. పనాయ్ దీవిలోని ఇలోయిలో నగరానికి, గిమరాస్‌కు మధ్య ఉన్నది సన్నని జలసంధి మాత్రమే. మోటారు పడవలో పావుగంట, ఇరవై నిమిషాల ప్రయాణం. ప్రజల భాష హిలిగాయ్‌నాన్. చాలాకాలం ఇలోయిలో ప్రావిన్సులో భాగంగా ఉన్న ఈ దీవి 1966లో ఉప ప్రావిన్సు అయినది. ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం 1992 మే 22న పూర్తి ప్రావిన్సుగా ఏర్పడినది. అప్పటికి ఉన్న మున్సిపాలిటీలు బ్వేనావిస్తా, జోర్డాన్, నుయేవా వాలెన్సియా అనే మూడు. 1995లో శాన్ లోరెంజో, సిబునాగ్ అనే మరి రెండు చేరినవి. ప్రావిన్సు పాలనా కేంద్రం జోర్డాన్; స్థానికులు దానిని ‘హోర్డాన్’ అని పలుకుతారు.

‘మున్సిపాలిటీ’ అన్న మాటను మన పురపాలక సంఘంతో పోల్చుకొనరాదు. ఫిలిప్పీన్స్‌లో మున్సిపాలిటీ అంటే ఒక చిన్న పట్టణ కేంద్రం, దాని చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలు, తీరం అన్నీ కలిసిన పాలనా విభాగం. పరిమాణంలో అది మన మండలానికి దగ్గరగా ఉంటుంది. అధికారాలలో మాత్రం చాలా భిన్నం. ఎన్నికైన మేయరు, శాసనాధికారం గల స్థానిక మండలి, సొంత బడ్జెట్టు, సొంత ఉద్యోగులు దానికి ఉంటారు. తీరం నుండి 15 కిలోమీటర్ల వరకు గల సముద్ర జలాలు కూడ మున్సిపల్ జలాలుగా దాని పరిధిలోకి వస్తాయి. మున్సిపాలిటీ కింది అంచె బరాంగాయ్; మన గ్రామ పంచాయతీ వంటిది. నుయేవా వాలెన్సియాలో 22 బరాంగాయ్‌లు ఉన్నాయి.

ఈ మున్సిపాలిటీ తీరమంతా సున్నపురాతి కొండలు, చిన్న చిన్న దీవులు, లోనికి చొచ్చుకు వచ్చిన కయ్యలు. లోపలి భూములలో వర్షాధార వరి, కొబ్బరి, జీడిమామిడి, మామిడి. తీరాన చేపల వేట, సముద్రపు నాచు పెంపకం. సుమారు 10½ డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున చలికాలమన్నది పేరుకు మాత్రమే. సాధారణంగా నవంబరు, డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు పొడి వాతావరణం ఉంటుంది. మామిడి పూతకు, కాయ ఎదుగుదలకు కావలసిన ఈ పొడి కాలమే గిమరాస్ మామిడి పేరు ప్రతిష్ఠలకు తొలి కారణం.

చెట్టు, పూత, పెట్టుబడి

ఇక్కడి ప్రధాన రకం ‘కారబావ్’. ఆ దేశంలో దున్నపోతుకు గల పేరే ఈ మామిడికి కూడ వచ్చినది. పండు మధ్యస్థ పరిమాణంలో, కొంచెం పొడవుగా, పండిన పిమ్మట మంచి పసుపు వర్ణంలో ఉంటుంది. పీచు తక్కువ, తీపి ఎక్కువ. మన బంగినపల్లి వంటి రకాలు ఒక టెంక నుండి ఒకే మొలకనిచ్చే ఏకపిండ రకాలు కాగా, కారబావ్ బహుపిండ రకం. ఆగ్నేయాసియా మామిడి రకాలలో ఈ లక్షణం సామాన్యం.

చలి తగలని ఉష్ణమండలంలో మామిడిని క్రమంగా పూయించుట సులభం కాదు. ఫిలిప్పీన్స్ రైతులు పూర్వం చెట్ల కింద రోజుల తరబడి పొగ పెట్టి పూత రప్పించేవారు. 1970ల తొలినాళ్లలో లాస్ బాన్యోస్‌లోని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉద్యాన శాస్త్రవేత్త రామోన్ బార్బా ఒక శాతం పొటాషియం నైట్రేట్ ద్రావణాన్ని ముదిరిన కొమ్మలపై పిచికారి చేసి పూత రప్పించవచ్చునని నిరూపించారు. ఆకులు ముదురు ఆకుపచ్చగా మారి, చేతితో నలిపితే పెళుసుగా విరిగే దశలో ఉన్నప్పుడు ఈ పిచికారి బాగా పని చేస్తుంది. సుమారు రెండు వారాలలో మొగ్గ కదులుతుంది; పిచికారి చేసిన నాటి నుండి నాలుగు నెలలకు కాయ కోతకు వస్తుంది. ఈ ఆవిష్కరణపై ఆయన రైతుల నుండి రాయల్టీ వసూలు చేయలేదు. 2014లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఆయనకు జాతీయ శాస్త్రవేత్త హోదానిచ్చి గౌరవించినది.

మన ప్రాంతంలో కూడ మొగ్గ దశలో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) పిచికారి చేయుట సిఫారసులలో ఉన్న విషయమే. అయితే మన తోటలలో చలి, బెట్ట కలిసి పూతకు దోహదం చేస్తాయి. పిచికారి కేవలం సహాయకారి. గిమరాస్‌లో పిచికారియే పంటకు ఆరంభం. ఈ తేడా సాంకేతికమైనదే అయినా, దాని ఫలితం ఆర్థిక సంబంధాల వరకు పోయినది.

పూత రప్పించుటతో పని ముగియదు. పూతపై తేనెమంచు పురుగు, పక్షికన్ను తెగులు, పిందెపై కాయతొలుచు పురుగు, ముదురు కాయపై పండు ఈగ వరుసగా ఆశిస్తాయి. వీటికి మందులు, ఎత్తైన చెట్లపైకి చేరే పంపులు, కాయ కాయకు కాగితపు సంచి కట్టే కూలీలు కావాలి. పెరట్లోనో గట్టు మీదనో పది పదిహేను చెట్లు గల సామాన్య రైతుకు అంత పెట్టుబడి ఉండదు. అందువలన ఫిలిప్పీన్స్ మామిడి ప్రాంతాలలో పిచికారి గుత్తేదారుల వ్యవస్థ ఏర్పడినది. చెట్టు రైతుది, మందు, పంపు, సంచులు, కూలీ గుత్తేదారువి, పంటలో పెద్ద వాటా అతనిది, మిగిలినది యజమానిది. పూత దశలోనే తోటను గుత్తకు ఇచ్చే పద్ధతి మన నూజివీడు, చిత్తూరు ప్రాంతాలలో తెలిసినవారికి ఈ చిత్రం క్రొత్త కాదు. ఒక శాస్త్రవేత్త ఉచితంగా ఇచ్చిన విజ్ఞానం కూడ, పెట్టుబడి లేని రైతు వద్దకు చేరునప్పటికి మరొకరి చేతి మీదుగా చేరుతున్నదన్న వాస్తవం విస్తరణ విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

పురుగు లేని ప్రాంతం అంటే ఏమిటి

గిమరాస్ ప్రత్యేకత దిగుబడిలో లేదు. దేశంలో ఇంతకంటే ఎక్కువ మామిడి పండించే ప్రావిన్సులు పలు ఉన్నాయి. దీని ప్రత్యేకత మామిడి టెంక పురుగు (స్టెర్నోకీటస్ మాంజిఫెరే), గుజ్జు పురుగు (స్టెర్నోకీటస్ ఫ్రిజిడస్) లేని ప్రాంతంగా గుర్తింపు పొందుటలో ఉన్నది.

ఈ రెండు ముక్కుపురుగుల జీవన విధానాన్ని గమనిస్తే, దీవికి గల ప్రాముఖ్యం అర్థమవుతుంది. తల్లి పురుగు కాయపై గ్రుడ్డు పెడుతుంది. పొదిగిన పిల్లపురుగు లోపలికి పోయిన తరువాత తొక్కపై గాయం మానిపోతుంది. టెంక పురుగు విత్తనాన్ని, గుజ్జు పురుగు గుజ్జును తింటూ లోపలనే పెరుగుతాయి. కాయను కోసి చూస్తే తప్ప బయటికి ఆనవాలు కనిపించదు. పెద్ద పురుగులు బెరడు పగుళ్లలో దాగి తరువాతి కాపు వరకు వేచి ఉంటాయి. ఇవి దూరం ఎగిరే పురుగులు కావు. ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి వీటిని చేరవేసేది ప్రధానంగా మనిషే: బుట్టలోని పండు, సంచిలోని టెంక, లారీలోని అంటు మొక్క. కనుక చుట్టూ సముద్రమున్న దీవిలో మనిషి తెచ్చే కాయను ఆపగలిగితే పురుగును ఆపినట్లే.

ఈ తర్కంపైననే గిమరాస్ నిబంధన నిలిచి ఉన్నది. బయటి మామిడి పండ్లు, టెంకలు, మొక్కలు దీవిలోనికి రాకూడదు. రేవులలో ప్రయాణికుల సామానుపై నిఘా ఉంటుంది. పొరుగునే ఉన్న ఇలోయిలో అంగడిలో కొన్న మామిడిపండుకైనా ఈ దీవిలో ప్రవేశం లేదు. జోర్డాన్‌లో నెలకొన్న జాతీయ మామిడి పరిశోధన, అభివృద్ధి కేంద్రం దీనికి శాస్త్రీయ అండ.

ఫలితం ఏమిటి? 2001లో అమెరికా సంయుక్త రాష్ట్రాలు గిమరాస్ దీవి మామిడిని తమ ప్రధాన భూభాగంలోనికి అనుమతించినవి. పండు ఈగ నిర్మూలనకు గుజ్జు ఉష్ణోగ్రత సుమారు 46 డిగ్రీల సెల్సియస్‌కు చేరి 10 నిమిషాలు నిలిచేట్లు వేడి ఆవిరి శుద్ధి చేయవలెనన్న నియమం దానికి జోడింపబడినది. ఇచ్చట ఒక సూక్ష్మం ఉన్నది. ఆవిరి శుద్ధి పండు ఈగకు ఉద్దేశించినది. టెంకలో దాగిన ముక్కుపురుగు విషయంలో హామీ ఇచ్చేది ‘పురుగు లేని ప్రాంతం’ అన్న హోదా. భారతదేశపు మామిడికి 2007లో అమెరికా విపణి తెరచుకొన్నది వేరొక మార్గంలో. కనీసం 400 గ్రే మోతాదు వికిరణ శుద్ధి మన పండుకు నియమమైనది. మన దక్షిణాది తోటలలో టెంక పురుగు స్థిరపడి ఉన్నందున, ప్రాంతమిచ్చే హామీకి బదులు యంత్రమిచ్చే హామీపై మనం ఆధారపడుతున్నాము. యంత్రానికి ప్రతి పెట్టెకూ ఖర్చవుతుంది. ప్రాంత హోదాకు కావలసినది ఊరుమ్మడి జాగరూకత.

దీనికి వ్యతిరేక ఉదాహరణ అదే దేశంలో ఉన్నది. పలావన్ మరొక దీవి ప్రావిన్సు. 1987లో అక్కడ గుజ్జు పురుగు కనిపించినది. అప్పటి నుండి పలావన్ మామిడి దేశంలోని ఇతర ప్రాంతాలకు పోకుండ నిషేధం అమలవుతున్నది. 2014లో అమెరికా తన అనుమతిని ఫిలిప్పీన్స్ అంతటికీ విస్తరించినప్పుడు పలావన్‌ను మినహాయించినది. ఒక దీవి తన రేవులలో పురుగును లోనికి రాకుండ ఆపుచున్నది. మరొక దీవి రేవులలో పురుగు బయటికి పోకుండ ఆపుచున్నారు. ఒకచోట దిగ్బంధం రైతుకు విపణిని తెరచినది, మరొకచోట మూసినది.

అయితే నుయేవా వాలెన్సియా వంటి మున్సిపాలిటీకి రేవు కాపలా ఒక్కటే చాలదు. ప్రయాణికుల రాకపోకలు ప్రధానంగా జోర్డాన్, బ్వేనావిస్తా రేవుల మీదుగా సాగుతాయి. కాని కయ్యలతో, చిన్న దీవులతో నిండిన దక్షిణ తీరంలో ఒక చిన్న పడవ ఎక్కడైనా ఆగగలదు. ప్రతి కయ్య వద్ద ఉద్యోగిని నిలుపుట ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అక్కడ కాపలాదారు ఆ బరాంగాయ్ వాసియే. బంధువు తెచ్చిన నాలుగు మామిడి పండ్లను వద్దని చెప్పగలిగే మనిషి అతడే. అతనికి ఆ మాట చెప్పుటకు తగిన కారణం ఉండవలెను.

విస్తరణ బాధ్యత ఎవరిది

ఆ కారణాన్ని బోధించవలసినది విస్తరణ వ్యవస్థ. ఫిలిప్పీన్స్‌లో 1991 నాటి స్థానిక ప్రభుత్వ స్మృతి వ్యవసాయ విస్తరణను జాతీయ వ్యవసాయ శాఖ నుండి తొలగించి స్థానిక ప్రభుత్వాలకు అప్పగించినది. ఉప ప్రావిన్సుగా ఉన్న గిమరాస్ పూర్తి ప్రావిన్సుగా మారుటకు మార్గం చూపినది కూడ ఆ స్మృతియే. ఆ విధంగా ఈ దీవి తన పాలనను, తన విస్తరణ బాధ్యతను దాదాపు ఒకే కాలంలో స్వీకరించినది.

ఈ వికేంద్రీకరణలో మంచి ఉన్నది. మున్సిపల్ వ్యవసాయాధికారి స్థానికుడు. ఏ బరాంగాయ్‌లో ఎవరి చెట్లు ఎన్ని ఉన్నాయో తెలిసినవాడు. మేయరును నేరుగా కలిసి మాట్లాడగలవాడు. లోపమూ ఉన్నది. ఆ స్మృతి ప్రకారం ప్రావిన్సుకు వ్యవసాయాధికారి తప్పనిసరి, మున్సిపాలిటీకి ఐచ్ఛికం. కోశాధికారి, ఇంజనీరు, ఆరోగ్యాధికారి లేని మున్సిపాలిటీ ఉండరాదు. వ్యవసాయాధికారి లేకున్నను చట్టం ఆక్షేపించదు. బడ్జెట్టు ఇరుకైనప్పుడు ముందుగా కోత పడే అవకాశం ఏ పనికి ఉంటుందో వేరుగా చెప్పనవసరం లేదు. మేయరు పదవీకాలం మూడేండ్లు. మామిడి అంటు ఆర్థికంగా కాపుకు వచ్చుటకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎన్నికల పంచాంగానికి, చెట్టు పంచాంగానికి గల ఈ పొత్తు కుదరనితనం విస్తరణ కార్యక్రమాల కొనసాగింపుకు నిత్యం పరీక్ష.

ఇందుకు ఇటీవలి నిదర్శనం స్థానికులు ‘కురికోంగ్’ అని పిలిచే ఈగ సమస్య. ఇది ప్రోకాంటరీనియా ప్రజాతికి చెందిన, గాల్ మిడ్జ్ (బుడిపె ఈగ) వర్గపు అతి సూక్ష్మ కీటకం. లేత కాయల తొక్కపై గుండ్రని నల్లని మచ్చలు, గుంటలు ఏర్పరచి కాయను విపణికి పనికి రాకుండ చేస్తుంది. ఇది రేవు కాపలాతో ఆగే పురుగు కాదు. తోటలోనే పెరిగి, నేలలో కోశస్థ దశ గడిపి తిరిగి కాయపైకి వస్తుంది. కొమ్మలు పలుచన చేసి గాలి, వెలుతురు సోకనిచ్చుట, రాలిన కాయలను ఏరి పాతిపెట్టుట, సంచులను కొంత ముందుగానే తొడుగుట దీనికి సూచింపబడే ప్రధాన పద్ధతులు. ఇవన్నీ ఒక్కొక్క రైతు విడివిడిగా చేసినంత మాత్రాన ఫలమివ్వవు. పొరుగున పట్టించుకొనని పది చెట్లు ఉంటే అవే పురుగుకు ఆశ్రయమవుతాయి.

ఇక్కడనే గుత్త వ్యవస్థ ప్రభావం తేటపడుతుంది. గుత్తేదారునికి ఆ ఒక్క కాపు ముఖ్యం. కోత అయిన పిమ్మట కొమ్మలు కత్తిరించుట, రాలిన కాయలు ఏరుట అతని లెక్కలో లేవు. చెట్టు యజమానికి వచ్చే వాటా చిన్నది కనుక ఆ శ్రమపై అతనికీ ఆసక్తి సన్నగిల్లుతుంది. చీడలకు కారణం ఒక్కోసారి కీటక శాస్త్రంలో కంటె వాటాల ఒప్పందంలో ఎక్కువగా దొరుకుతుంది. విస్తరణ కార్యకర్త ఆ ఒప్పందాన్ని కూడ చదవగలిగి ఉండవలెను.

2023లో గిమరాస్ మామిడి ఫిలిప్పీన్స్‌లో నమోదైన తొలి భౌగోళిక సూచిక ఉత్పత్తిగా నిలిచినది. మన బంగినపల్లి మామిడికి ఈ గుర్తింపు 2017లో వచ్చినది. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది. ఆ పేరు వలన లభించే అదనపు ధర ఎవరి చేతికి పోవునో అది నిర్ణయించదు. ఆ ధరలో కొంతయినా పది చెట్ల రైతుకు చేరినప్పుడే కయ్య వద్ద పడవను ఆపే కారణం అతనికి దొరుకుతుంది.

సముద్రం నేర్పినది

దీవికి నీరు రక్షణ. అదే నీరు ప్రమాదం కూడ. 2006 ఆగస్టు 11న సుమారు 21 లక్షల లీటర్ల ఇంధన తైలంతో పోతున్న సోలార్ 1 అనే ట్యాంకరు నౌక గిమరాస్‌కు దక్షిణాన మునిగిపోయినది. పైకి తేలిన తైలం దక్షిణ తీరాన్ని ముంచెత్తినది. ఎక్కువ నష్టపడిన వాటిలో నుయేవా వాలెన్సియా తీర బరాంగాయ్‌లు ముందున్నాయి. మడ అడవులు, సముద్రపు గడ్డి మైదానాలు, నాచు మడులు తైలంలో తడిసినవి. చేపల వేట నిలిచిపోయినది. 1990లో జాతీయ సముద్ర సంరక్షణ కేంద్రంగా ప్రకటింపబడిన తక్లోంగ్ దీవి కూడ ఈ మున్సిపాలిటీ పరిధిలోనిదే. మిల్క్‌ఫిష్, గ్రూపర్ వంటి చేపలపై పనిచేసే ఆగ్నేయాసియా మత్స్యాభివృద్ధి కేంద్రపు ఇగాంగ్ సముద్ర క్షేత్రమున్నది కూడ ఇక్కడనే.

మామిడి తోటకు ఈ తైలంతో సంబంధమేమని అనిపించవచ్చును. ఇటువంటి మున్సిపాలిటీలలో తీర కుటుంబానికి పొలమూ సముద్రమూ రెండు వేరు వేరు వృత్తులు కావు. ఒక మాసం కూలి, ఒక మాసం వేట, వేసవిలో నాలుగు చెట్ల మామిడి కలిస్తేనే సంవత్సరం గడుస్తుంది. వేట ఆగిన ఏడు చెట్టుపై పెట్టుబడి కూడ ఆగుతుంది. పట్టించుకొనని చెట్టు పొరుగు చెట్టుకు ప్రమాదం. మున్సిపాలిటీ అధికారం సముద్రంపై 15 కిలోమీటర్ల వరకు ఉండవచ్చు; దూరాన మునిగిన నౌకను అది ఆపలేదు. చిన్న పాలనా విభాగం పరిమితి అది. పైఅంచె ప్రభుత్వం తోడు లేక స్థానిక స్వయంపాలన ఒంటరిగా మిగులుతుందన్న సత్యం ఆ సంవత్సరం స్పష్టమైనది.

మనం గ్రహించవలసినవి

గిమరాస్ పద్ధతిని యథాతథంగా మన రాష్ట్రాలకు తెచ్చుట సాధ్యం కాదు. మన మామిడి మండలాల చుట్టూ సముద్రం లేదు. ఒక జిల్లా కాయ మరొక జిల్లా మండీకి లారీలలో పగలూ రాత్రీ ప్రయాణిస్తుంది. టెంక పురుగు ఇప్పటికే మనతో ఉన్నది. అయినను మూడు అంశాలు మన విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పరిశీలించదగినవిగా ఉన్నాయి.

మొదటిది, సస్యరక్షణ ప్రమాణం చెట్టు కాదు, ప్రాంతం. పండు ఈగ ఎరలు ఒక తోటలో కట్టి పక్క తోటలో కట్టకుంటే ఫలితం స్వల్పం. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి వ్యవసాయ, ఉద్యాన సహాయకులు ఉన్నారు. ఎరలు కట్టుట, రాలిన కాయలు ఏరుట వంటి పనులను గ్రామమంతటా ఒకే వారంలో జరిపించుటకు అవసరమైన అంచె మనకు ఇప్పటికే ఉన్నదన్న మాట.

రెండవది, మొక్కల రవాణా. నర్సరీల నుండి పోయే అంటు మొక్కలు, మండీల నుండి పోయే కాయలు పురుగుకు వాహనాలు. మామిడి పరిశోధనలో పిచికారి మందులకు లభించే శ్రద్ధలో కొంత భాగమైనా ఈ కదలికల అధ్యయనానికి దక్కవలసి ఉన్నది. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలకు ఇది మంచి అంశం.

మూడవది, ఒప్పందాలు. తోటను గుత్తకు ఇచ్చే రైతుకు, గుత్తేదారునికి కోత అనంతర పారిశుద్ధ్య బాధ్యత ఎవరిదన్న విషయంలో స్పష్టత కలిగించుట విస్తరణ కార్యక్రమంలో భాగం కావలెను. ఒప్పందంలో చేరే ఒక వాక్యం ఒక్కోసారి ఒక పిచికారికి సాటి.

గిమరాస్‌లో ఏటా మే మాసంలో మామిడి ఉత్సవం జరుగుతుంది. కోతల కాలమదే, ప్రావిన్సు అవతరించిన మాసమూ అదే. ఆ ఉత్సవానికి వచ్చే అతిథులు ఎన్ని పండ్లనైనా తినవచ్చు, కొని తీసికొని పోవచ్చు. తమతో ఒక్క మామిడిపండును మాత్రం తేరాదు. ఆ నియమాన్ని కాగితంపై వ్రాసినది ప్రభుత్వం. దానిని ఇన్నేళ్లు నిలిపినవారు నుయేవా వాలెన్సియా వంటి పల్లెలలో చెట్లను నమ్ముకొన్న కుటుంబాలు. ఆ కుటుంబాలకు మామిడి గిట్టుబాటు కానినాడు రేవులోని ఏ తనిఖీ కూడ ఆ దీవిని కాపాడజాలదు.